స్టూలు మీద కూర్చున్నవారి సంగతి

వార్డులో మంచం మీద ఉన్నవారిని డాక్టరుగారు రోజూ పరీక్షిస్తారు. పక్కన స్టూలు మీద నెలల తరబడి నిద్రలేక కూర్చున్న తల్లినో, భార్యనో పలకరించేవారు తక్కువ. ఈ నెల వారి రక్తకణాల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాము.

చీర కొంగు దారాలు విడిపోకుండా కొసన ముడి వేస్తాము కదా! అలాగే మన కణాల్లో క్రోమోజోముల కొసలను టెలోమియర్లు కాపాడతాయి. కణం విభజన చెందిన కొద్దీ ఇవి అరుగుతాయి. బాగా అరిగితే ఆ కణం ఇక విభజన చెందలేదు. అరిగిన కొసను తిరిగి అల్లే ఎంజైము పేరు టెలోమరేజ్. దీనిని 1984లో కనుగొన్న కేరల్ గ్రైడర్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్‌లకు, జాక్ షోస్టాక్‌తో పాటు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

శరీరంలోని చాలా కణాల్లో ఈ ఎంజైము దాదాపు ఉండదు. అయితే తెల్ల రక్తకణాల్లో టి-కణాలనేవి క్రిమిని గుర్తుపట్టగానే త్వరత్వరగా పెరగాలి. అందుకని అప్పుడు వాటిలో టెలోమరేజ్ మేల్కొంటుంది. దీనిని అదుపు చేసేవాటిలో సైటోకైన్లు ముఖ్యమైనవి. ఇవి కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్ల వంటివి. ఇంటర్‌ల్యూకిన్-2 టెలోమరేజ్‌ను పెంచుతుంది. ఇంటర్‌ల్యూకిన్-7, ఇంటర్‌ల్యూకిన్-15 దానిని నిలబెడతాయి. ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా తగ్గిస్తుంది. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ హార్మోను కూడా తగ్గిస్తుందని ప్రయోగశాలలో తేలింది.

2004లో అమెరికాలో 58 మంది తల్లులపై జరిగిన పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి. వారిలో చాలామంది దీర్ఘరోగం ఉన్న బిడ్డలను సాకుతున్నవారే. ఎక్కువ ఒత్తిడిలో ఉన్నామని చెప్పిన తల్లుల తెల్ల రక్తకణాల్లో టెలోమరేజ్ తక్కువగా, టెలోమియర్లు పొట్టిగా కనిపించాయి. ఇది చిన్న పరిశీలనే. ఒత్తిడి వల్లనే అలా జరిగిందని దీనితో రుజువు కాదు. అయినా ఆలోచించవలసిన విషయమే.

మరి టెలోమరేజ్ పెంచుతాయని అమ్మే మాత్రలు కొనవచ్చునా? వద్దని మా సలహా. సుమారు 85 నుండి 90 శాతం క్యాన్సర్లలో కణాలు ఆగకుండా పెరగడానికి తోడ్పడేది ఈ ఎంజైమే. అవసరమైనప్పుడు మేల్కొని, పని తీరాక తగ్గిపోవడమే మనకు క్షేమం.

కాబట్టి రోగిని చూసుకునేవారు వంతులు వేసుకోండి. రాత్రి ఒకరు మేలుకుంటే పగలు ఇంటికి వెళ్లి పడుకోండి. వేళకు తినండి. మీ బీపీ, షుగరు కూడా చూపించుకోండి. సంఘ కుటుంబాలవారికి మా మనవి ఒక్కటే: రోగిని చూడడానికి వచ్చేటప్పుడు పండ్లు తెస్తారు. ఒక్క పూట ఆ స్టూలు మీద మీరు కూర్చోండి, ఆ తల్లి కాసేపు కన్నుమూసుకుంటుంది.