పోర్క్ పొగబెట్టి వండుకుంటున్నారా? ఈ జాగ్రత్తలు తెలుసుకోండి



అమెరికాలో స్థిరపడిన మన సంఘాల పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, లేదా ఇక్కడి తల్లిదండ్రులు వారి దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చినప్పుడు, ఒక వంట గురించి మమ్మల్ని అడుగుతున్నారు. అది పుల్డ్ పోర్క్. పంది జబ్బ మాంసాన్ని పెద్ద ముక్కగా ఉంచి, గంటల తరబడి పొగలో మెల్లగా ఉడికించి, చివరకు చేత్తో పీచులు పీచులుగా విడదీసే వంట ఇది. క్రిస్మస్‌కు మన ఇంట్లో కూడా చేసుకుందామని కొందరు అనుకుంటున్నారు. "అంతసేపు పొగలో ఉంటే పురుగులన్నీ చచ్చిపోతాయి కదా?" "లోపల గులాబీ రంగు కనిపిస్తే పచ్చిగా ఉన్నట్టా?" "బి.పి. ఉన్నవారు తినవచ్చా?" అనే ప్రశ్నలకు ఈ వ్యాసంలో జవాబులు ఇస్తున్నాము.

మనస్సాక్షిని బట్టి పంది మాంసం ముట్టని కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. వారి తీర్మానాన్ని మేము గౌరవిస్తాము. అయితే ఇందులో చెప్పే ఫిట్స్ జబ్బు మాంసం తినని వారికి కూడా రావచ్చు. కాబట్టి ఆ భాగాన్ని అందరూ చదవాలని మనవి.

ఈ వంట ఎక్కడిది?

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది పాత వంట. 1539లో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ దేశస్థుడు ఫ్లోరిడా తీరానికి తన వెంట పందులను తీసుకువచ్చాడు. తరువాతి కాలంలో ఆ ప్రాంతమంతటా పంది మాంసం సామాన్యుల ఆహారమైంది. రాత్రంతా నిప్పుల దగ్గర కూర్చుని మాంసం కాల్చే పనిని ఎక్కువగా చేసినవారు బానిసత్వంలో ఉన్న ఆఫ్రికన్ ప్రజలు. ఆ నేర్పు వారి చేతుల్లోనే పెరిగింది. నార్త్ కరోలినా రాష్ట్రంలో తూర్పు వైపు పందిని మొత్తంగా కాల్చి, వెనిగర్, మిరప కలిపిన పులుసు పోస్తారు. పడమటి వైపు లెక్సింగ్టన్ పట్టణంలో జబ్బ మాంసం మాత్రమే వాడతారు.

సంఘ విందులకు కూడా ఈ వంట పేరు పొందింది. షార్లెట్ నగరం దగ్గర మల్లార్డ్ క్రీక్ ప్రెస్బిటేరియన్ సంఘం 1929లో మొదలుపెట్టిన బార్బెక్యూ విందు అందులో ఒకటి.

జబ్బ మాంసమే ఎందుకు?

జబ్బ అంటే ముందు కాలి పైభాగం. పంది ఎక్కువగా కదిలించే భాగం కాబట్టి అక్కడ కండను పట్టి ఉంచే గట్టి పొరలు, మధ్యలో కొవ్వు ఎక్కువ. త్వరగా వండితే ఈ మాంసం నమలలేనంత గట్టిగా ఉంటుంది. మాంసం లోపలి వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటి గంటల తరబడి నిలిస్తే ఆ పొరలు కరిగి జిగురుగా మారతాయి. 93 నుంచి 96 డిగ్రీల దగ్గర మాంసం చేత్తో లాగితే విడిపోతుంది. వీపు పక్కన ఉండే కొవ్వు లేని మాంసాన్ని ఇలా వండితే ఎండిపోతుంది.

బద్దె పురుగు, ఫిట్స్ - అసలు సంబంధం

టేప్‌వార్మ్ అనే బద్దె పురుగు మనిషి పేగుల్లో ఉంటుంది. దాని గుడ్లు మలంతో బయటకు వస్తాయి. బహిరంగ మలవిసర్జన ఉన్నచోట తిరిగే పందులు ఆ మలాన్ని తిని గుడ్లను మింగుతాయి. అప్పుడు పంది కండలో చిన్న చిన్న నీటి తిత్తులు తయారవుతాయి. ఆ మాంసాన్ని సరిగా ఉడకకుండా తిన్న మనిషి పేగుల్లో ఆ తిత్తి మళ్లీ బద్దె పురుగుగా పెరుగుతుంది. ఇది మొదటి దారి.

రెండవ దారి ఇంకా ప్రమాదకరమైనది. పేగుల్లో పురుగు ఉన్న మనిషి మలవిసర్జన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోకుండా వంట చేస్తే, లేదా ఆ మలం కలిసిన నీటితో పండిన ఆకుకూరలను కడగకుండా పచ్చిగా తింటే, గుడ్లు నేరుగా మన కడుపులోకి వెళ్తాయి. వాటి నుంచి వచ్చే పిల్ల పురుగులు రక్తంలో ప్రయాణించి మెదడులో తిత్తులుగా నిలుస్తాయి. ఫిట్స్‌కు ఇది ఒక ముఖ్య కారణం. అందుకే జన్మలో పంది మాంసం ముట్టని వారికి కూడా ఈ జబ్బు వస్తుంది. తమిళనాడులోని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ఆ జిల్లాలో చేసిన పరిశీలన 2006లో వెలువడింది. ఫిట్స్‌తో బాధపడుతున్నవారిలో దాదాపు మూడవ వంతు మందికి ఈ తిత్తులే కారణమని అందులో తేలింది.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే అది దయ్యమో, శాపమో అనుకోవద్దు. స్కానింగ్ చేయించి, మందులు వాడితే చాలామందికి నయమవుతుంది. ఫిట్స్ వచ్చినవారు డాక్టరు చెప్పకుండా పురుగుల మందు వేసుకోకూడదు. మెదడులోని తిత్తి ఒక్కసారిగా చచ్చినప్పుడు చుట్టూ వాపు వచ్చి ప్రమాదం కలగవచ్చు. ఫిట్స్ మాత్రలను సొంతంగా ఆపివేయడం కూడా ప్రమాదమే.

కొనేటప్పుడు

1. షెడ్డులో దాణా వేసి పెంచిన పంది మాంసమే కొనండి. మురికి కాలువల వెంట తిరిగే పందుల మాంసం వద్దు.
2. మాంసాన్ని వెలుతురులో చూడండి. కండ మధ్యలో బియ్యపు గింజంత నుంచి శనగ గింజంత తెల్లటి నీటి పొక్కులు కనిపిస్తే, ఆ భాగం కోసి పారేసి మిగతాది తెచ్చుకోవడం కాదు, ఆ మాంసమే కొనవద్దు. పొక్కులు కనిపించనంత మాత్రాన మాంసంలో తిత్తులు లేవని కూడా అనుకోవద్దు.
3. పచ్చి మాంసం కోసిన కత్తి, పలకలను సబ్బుతో కడిగిన తరువాతే కూరగాయలకు వాడండి.

పొగ పురుగులను చంపుతుందా?

పొగకు, ఉప్పుకు, ఎండకు మాత్రమే వదిలేస్తే పురుగులు తప్పకుండా చస్తాయని నమ్మడానికి లేదు. పురుగును, క్రిములను చంపేది మాంసం మధ్యలోకి చేరిన వేడి మాత్రమే. పెద్ద ముక్క పంది మాంసానికి లోపలి వేడి కనీసం 63 డిగ్రీలు ఉండాలని, దించిన తరువాత మూడు నిమిషాలు ఆగాలని అమెరికా వ్యవసాయ శాఖ 2011 నుంచి చెబుతోంది. ఖీమాకైతే 71 డిగ్రీలు కావాలి. పుల్డ్ పోర్క్ 90 డిగ్రీలు దాటితే గానీ విడిపోదు. కాబట్టి సరిగా చేసినప్పుడు ఇది క్షేమమైన వంటే. పైన నల్లబడింది, వాసన వచ్చింది అని మధ్యలోనే దించేసినప్పుడు ప్రమాదం వస్తుంది.

రంగు చూసి నిర్ణయించవద్దు. పొగలోని వాయువుల వల్ల పూర్తిగా ఉడికిన మాంసంలో కూడా అంచు వెంట గులాబీ రంగు పొర నిలుస్తుంది. అలాగే పైన గోధుమ రంగు వచ్చినా లోపల పచ్చిగా ఉండవచ్చు. మాంసం మధ్యలో గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కోవడం మంచిది. ఎముకకు తగలకుండా గుచ్చాలి. మన జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు.

వండే విధానం

కిలో మాంసానికి 10 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు రెండు చిన్న చెమ్చాలు చాలు. మిరియాల పొడి, కారం, కొద్దిగా బెల్లం పొడి కలిపి ముక్కకు అంతటా పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

మూత ఉన్న బార్బెక్యూ పొయ్యి ఉంటే బొగ్గులను ఒక పక్కకు, మాంసాన్ని రెండవ పక్కకు పెట్టాలి. మంట నేరుగా తగలకూడదు. పొయ్యి లోపలి వేడి 107 నుంచి 121 డిగ్రీల మధ్య నిలపాలి. కిలోకు మూడు నాలుగు గంటల లెక్కన, మూడు కిలోల ముక్కకు 9 నుంచి 12 గంటలు పడుతుంది. మధ్యలో 65-75 డిగ్రీల దగ్గర వేడి పెరగకుండా కొన్ని గంటలు ఆగిపోతుంది. మాంసం నుంచి చెమటలా తేమ ఆవిరవుతూ చల్లబరచడమే కారణం. అప్పుడు కంగారుపడి దించవద్దు. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి కొనసాగించండి. 93 డిగ్రీలు దాటి, ఎముక పట్టుకుంటే ఊడి వచ్చినప్పుడు దించి, ఒక గంట అలాగే చుట్టి ఉంచి, తరువాత విడదీయండి.

అంతసేపు నిప్పు కాచుకోలేనివారికి మన ప్రెషర్ కుక్కర్ చక్కని సాధనం. కిలో మాంసాన్ని పిడికెడంత ముక్కలు చేసి, రెండు గంటలు ఆరుబయట పొగబెట్టి, వెంటనే గ్లాసు నీళ్లతో కుక్కర్‌లో పెట్టండి. కూత వచ్చాక మంట తగ్గించి 50 నుంచి 60 నిమిషాలు ఉడికించండి. ఆవిరి దానంతట అదే పోయాక మూత తీయండి. గరిటెతో నొక్కితే పీచులుగా విడిపోవాలి. పొగబెట్టిన మాంసాన్ని సగం ఉడికిన స్థితిలో సాయంత్రం వరకు పక్కన ఉంచడం మాత్రం చేయవద్దు. నిప్పు మధ్యలో ఆరిపోతే కూడా వెంటనే కుక్కర్‌లోకి మార్చండి.

వెనిగర్‌లో ఎండుమిర్చి పలుకులు, మిరియాలు, చిటికెడు ఉప్పు, కొద్దిగా చక్కెర వేసి కాచిన పులుసు దీనికి సరిపోతుంది. పక్కన తరిగిన క్యాబేజీ బాగుంటుంది. క్యాబేజీ ఆకులు విడదీసి, పారే నీటిలో బాగా కడిగిన తరువాతే తరగండి.

పొగ బయటే ఉండాలి

బొగ్గుల పొయ్యిని గదిలో, వరండాకు తలుపులు మూసి, లేదా కారు షెడ్డులో ఎప్పుడూ పెట్టవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, మత్తు వచ్చి మనిషి నిద్రలోనే ప్రాణం కోల్పోవచ్చు. ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు పొగకు దూరంగా ఉండాలి.

ఎండిన మామిడి, జామ కట్టెలు వాడవచ్చు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత పెట్టెల చెక్క వద్దు. గన్నేరు కట్టె విషం, దాని పొగ కూడా హాని చేస్తుంది. రసాయనాలు నింపిన పాత డ్రమ్ములను పొయ్యిగా మార్చవద్దు.

ఎవరు, ఎంత తినాలి?

కిలో పచ్చి మాంసం ఉడికాక దాదాపు 600 గ్రాములవుతుంది. ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి రెండు గ్రాముల వరకు ఉప్పు వెళ్తుంది. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఆ పూట ఆవకాయ, అప్పడాలు మానుకుని, కొద్దిగానే తినాలి. షుగర్ ఉన్నవారు అంగడిలో దొరికే తియ్యటి బార్బెక్యూ సాస్ కంటే వెనిగర్ పులుసు వాడుకోవాలి. గౌట్ ఉన్నవారు, కిడ్నీ జబ్బుకు పథ్యం పాటిస్తున్నవారు ముందుగా డాక్టరును అడగండి.

పొగబెట్టి, ఉప్పువేసి నిల్వచేసే మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో ప్రకటించింది. అలాంటి మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. పండుగకు ఒకసారి తినడం వేరు, వారం వారం తినడం వేరు. మాడి నల్లబడిన భాగాన్ని తీసివేయండి.

మిగిలిన మాంసం

వండిన మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటే మన ఎండల్లో ఒక గంటే. లోతు తక్కువ గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. తినేముందు పొగలు వచ్చేలా వేడి చేయండి. సంఘ విందుకు వండేవారు దీన్ని మరింత శ్రద్ధగా పాటించాలి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

మలంలో రిబ్బను ముక్కల్లాంటి తెల్లటి పలుకులు కనిపించినా, మొదటిసారి ఫిట్స్ వచ్చినా, తగ్గని తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం ఉన్నా ఆలస్యం చేయవద్దు. ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే తీసుకురండి.

ఇంట్లో మరుగుదొడ్డి, దాని పక్కన ఒక సబ్బు, వంటింట్లో బాగా ఉడికిన మాంసం ఉంటే ఈ జబ్బును చాలావరకు మన గడప దాటి రాకుండా ఆపగలము. మీ బల్ల చుట్టూ కూర్చునే ప్రతి ఒక్కరికీ ప్రభువు మంచి ఆరోగ్యం దయచేయును గాక.