హిమాయత్ సాగర్ కట్ట మీద కెమెరా చదువు

ఫోటోగ్రఫీ సొంతంగా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఒకచోట ఆగిపోతారు. కెమెరా కొంటారు, యూట్యూబ్‌లో పాఠాలు చూస్తారు, లదాఖ్ వెళ్లొస్తారు. ఫోటోలు మాత్రం రెండేళ్ల కిందట ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉంటాయి. అప్పుడు అనుమానం లెన్సు మీదకు పోతుంది, ఇంకో లక్ష ఖర్చవుతుంది. నన్నడిగితే లోపం లెన్సులో లేదు, చోట్లు మార్చడంలో ఉంది. కొత్త ఊళ్లో ఫోటో బాగా వస్తే అది మన పనితనమో, ఆ కొండల అందమో తేలదు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళితే ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. హైదరాబాద్ వాళ్లకు అలాంటి చోటు హిమాయత్ సాగర్.

1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన జంట జలాశయాల్లో ఇది రెండోది. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఫోటో తీసేవాళ్లకు ఈ చరిత్ర కంటే దిక్కులు ముఖ్యం. కట్ట తూర్పు వైపు, నీళ్లు పడమటి వైపు. పొద్దున కట్ట మీద నిలబడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. ఎదుటి పక్షి ఈకల రంగు, వల సర్దుతున్న జాలరి ముఖం స్పష్టంగా వస్తాయి. సాయంత్రం అదే చోట నిలబడితే సూర్యుడు నీళ్ల మీదుగా దిగుతాడు, మనిషైనా చెట్టైనా నల్లటి ఆకారమే మిగులుతుంది. ఒకే దృశ్యాన్ని రెండు పూటలా తీసి పక్కపక్కన పెట్టుకుంటే, వెలుగు గురించి ఏ పుస్తకమూ అంత తేలిగ్గా చెప్పలేని విషయం కళ్లముందే ఉంటుంది.

ఇక ఎక్స్‌పోజర్. దీనికి తెల్లకొంగను మించిన గురువు లేదు. కెమెరాలోని మీటరుకు తెలుపు, నలుపు తెలియవు. ఎదురుగా ఉన్నదంతా కలిపితే ఒక మధ్యరకం బూడిద రంగు అవుతుందని అనుకుంటుంది. ముదురు నీళ్ల ముందు కొంగ నిలబడితే మీటరు ఆ ముదురును చూసి ఫోటోను వెలిగిస్తుంది. నీళ్లు బాగానే వస్తాయి, కొంగ మాత్రం గీతా మడతా లేని తెల్ల కాగితం ముక్కలా తేలుతుంది. ఒకసారి మాడిపోయిన తెలుపును ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఎంత గుంజినా ఈకలు తిరిగి రావు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ ఒకటికి తిప్పి మళ్లీ తీయండి. మెరిసే నీళ్ల మీద నీటికాకి కూర్చుంటే వ్యవహారం తిరగబడుతుంది, అప్పుడు ప్లస్ వైపు తిప్పాలి. ఫోన్‌తో తీసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది: తెర మీద కొంగను తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే చాలు.

షట్టర్ స్పీడ్ నేర్పేది నలుపు తెలుపు లకుముకి పిట్ట. అది నీటిపైన గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, చేప కనబడగానే నిట్టనిలువుగా దూకుతుంది. ఎగిరే పక్షిని ఫ్రేములో పట్టలేని కొత్తవాళ్లకు ఇది దేవుడిచ్చిన అవకాశం. 1/2000 సెకను పెడితే రెక్క గడ్డకట్టినట్టు వస్తుంది, 1/250కి తగ్గిస్తే ఒళ్లు నిలిచి రెక్క మసకబారుతుంది. ఏది బాగుందో మీరే తేల్చుకోవాలి. శంషాబాద్‌లో దిగే విమానాలతో ఇంకో పాఠం ఉంది. జెట్ విమానానికి ఎంత వేగం పెట్టినా ఇబ్బంది లేదు. ఏటీఆర్ లాంటి పంకా విమానాన్ని 1/2000లో తీస్తే పంకాలు ఆగిపోయి, ఇంజను చెడిందేమో అనిపిస్తుంది. 1/125కి తగ్గించి, విమానంతోపాటే కెమెరా తిప్పుతూ తీయాలి. మొదట అన్నీ కదిలిపోతాయి, కంగారు పడనక్కర్లేదు.

ఈ నేల మీద ఇలా ఇష్టంతో నేర్చుకున్న పెద్దాయన ఒకరున్నారు. రాజా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేస్తూ 1874లో కెమెరా పట్టారు. తర్వాత హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. గాజు పలక మీద తీసేవాళ్లకు ప్రతి ఫోటోకూ ఖర్చు, మోత, తయారీ ఉంటాయి. అందుకే నొక్కేముందు చూస్తారు. మనకా బాధ లేదు, గంటలో మూడు వందలు నొక్కేస్తాం.

కాబట్టి ఎంపికలోనైనా గట్టిగా ఉండాలి. వచ్చిన రోజే కాకుండా వారం ఆగి చూడండి, అప్పటికి ఆ పొద్దుటి సంబరం చల్లారి ఉంటుంది. అయిదు ఉంచండి. మిగతావి ఎందుకు పోయాయో ఒక్కో మాటలో రాసుకోండి: ఫోకస్ కంటి మీద లేదు, దిగంత రేఖ వంగింది, వెనక కరెంటు స్తంభం. నెల తిరిగేసరికి ఒకే తప్పు పదిసార్లు కనబడుతుంది. వచ్చే ఆదివారం ఆ ఒక్కదాని మీదే పని చేయండి.

చలికాలంలో వలస పక్షులు వస్తాయి, గూళ్ల దగ్గరికి, సేదతీరే గుంపుల దగ్గరికి పోకండి. జాలర్లను అడిగి తీయండి. విమానాశ్రయం పక్కనే ఉంది కనుక అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి. వానాకాలం గేట్లు ఎత్తితే సర్వీసు రోడ్డు మూసేస్తారు, ఆ రోజు పోలీసులతో వాదన పెట్టుకోకుండా దూరం నుంచే తీసుకోండి.