తాళం వేసిన బీరువా

జర్మనీ దేశంలోని ఓర్‌డ్రుఫ్ అనే చిన్న పట్టణం. 1695వ సంవత్సరం. ఏడాది తిరగకుండానే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పదేళ్ల బాలుడొకడు అన్నగారి పంచన చేరాడు. అన్న ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే విద్వాంసుడు. తమ్ముడికి తానే పాఠాలు మొదలుపెట్టాడు. చెప్పిన పాఠం ఇట్టే పట్టుకునే ఆ బాలుడి దృష్టి ఇంట్లోని ఒక బీరువా మీద పడింది. దాని జాలీ తలుపుల వెనుక ఒక స్వరగ్రంథం ఉంది. ఫ్రోబర్గర్, కెర్ల్, పాకెల్‌బెల్ వంటి నాటి మేటి స్వరకర్తల రచనలన్నీ అందులో ఉన్నాయి. ఎంత బ్రతిమాలినా అన్న ఆ పుస్తకం ఇవ్వలేదు.

రాత్రి అందరూ నిద్రించాక బాలుడు తన చిన్ని చేతులు జాలీ సందుల్లో దూర్చి, పుస్తకాన్ని చుట్టగా చుట్టి బయటికి లాగేవాడు. దీపం లేదు. వెన్నెల ఉన్న రాత్రులలోనే నకలు రాసుకోవాలి. ఆరు నెలలకు పని పూర్తయింది. అంతలో సంగతి అన్న కంటబడింది, నకలును లాగేసుకున్నాడు. ఆ బాలుడే యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1750లో ఆయన కన్నుమూశాక, 1754లో అచ్చయిన సంస్మరణ వ్యాసం ఈ ఉదంతాన్ని లోకానికి చెప్పింది.

బీరువాలో ఉన్నది విద్య. తాళం ఎవరి చేతిలో ఉండాలి? మూడు శతాబ్దాల తరువాత, కంప్యూటర్ల యుగంలో, ఈ ప్రశ్న మరొక విద్యార్థి గుమ్మం ముందుకు వచ్చి నిలిచింది.

విద్యార్థి తెరచిన తలుపు

ఎడ్వర్డ్ గ్వో అమెరికాలోని బోస్టన్ నగరంలో, న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో స్వరరచన అభ్యసిస్తున్న యువకుడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు నిండలేదు. మన సంప్రదాయంలో కీర్తన గురుముఖతః అబ్బుతుంది. పుస్తకం జ్ఞాపకానికి ఊతం మాత్రమే. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం తీరు వేరు. అక్కడ స్వరకర్త రాసిన ప్రతి స్వరమూ, దాని నిడివీ, దాని బిగ్గరతనమూ కాగితం మీద ఉంటాయి. వంద మంది వాద్యకారులు కూర్చున్న చోట ఎవరి స్వరపత్రం వారి ముందు ఉండాలి. పత్రం లేనిదే సంగీతం లేదు. అచ్చు ప్రతులా, ఖరీదైనవి. స్వరకర్త ఏనాడో కీర్తిశేషుడైనా ప్రతి ధర మాత్రం తగ్గదు.

2006 ఫిబ్రవరి 16న గ్వో ఇంటర్నెట్‌లో ఒక స్వరలిపి గ్రంథాలయం తెరిచాడు. గ్రంథస్వామ్యం గడువు తీరిపోయిన పాత ప్రతులను ఎవరైనా స్కాన్ చేసి అందులో చేర్చవచ్చు. ఎవరైనా ఉచితంగా తీసుకుని అచ్చు వేసుకోవచ్చు. దానికి పెట్రూచీ పేరు పెట్టారు. 1501లో వెనిస్ నగరంలో, కదిలే అచ్చు అక్షరాలతో మొట్టమొదట బహుస్వర సంగీత గ్రంథాన్ని ముద్రించిన ఒట్టావియానో పెట్రూచీ స్మృతిచిహ్నమది.

భవనం లేదు, జీతగాళ్లు లేరు, ప్రభుత్వ నిధులు లేవు. ఒక విద్యార్థి ఒంటిచేతితో ఇంతటి పని ఎలా తలకెత్తుకోగలిగాడు? జవాబు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. వికీపీడియాను నడిపే మీడియావికీ అనే ప్రోగ్రామును దాని నిర్మాతలు ఎవరైనా వాడుకునేందుకు, మార్చుకునేందుకు అనుమతిస్తూ విడుదల చేశారు. గ్వో దానినే తెచ్చుకుని నిలబెట్టాడు. ఎవరో ప్రోగ్రామర్లు తాళం వేయకుండా వదిలిన తలుపు మరొకరి చేతిలో సంగీత గ్రంథాలయమైంది.

లోకమంతటి నుంచీ ప్రతులు వచ్చి పడ్డాయి. బాఖ్ సమగ్ర రచనలను 1851 మొదలు 1899 వరకు దాదాపు అర్ధశతాబ్ది శ్రమించి ఒక జర్మన్ సంఘం అచ్చు వేసింది. పెద్ద విశ్వవిద్యాలయాల అరలకే పరిమితమైన ఆ సంపుటాలు ఇప్పుడు ఏ మారుమూల విద్యార్థికైనా అందుబాటులోకి వచ్చాయి. రెండేళ్లు నిండకముందే స్వరప్రతుల సంఖ్య 15 వేలు దాటింది.

అప్పుడే ఉత్తరం వచ్చింది.

ఒకే సముద్రానికి రెండు గట్లు

ఉత్తరం పంపినది వియన్నా నగరంలోని యూనివర్సల్ ఎడిషన్ అనే ప్రచురణ సంస్థ. 1901లో స్థాపితమైన ఆ సంస్థ మాలర్, బార్టోక్, షోన్‌బర్గ్ ప్రభృతుల రచనలను లోకానికి అందించిన పేరున్న సంస్థ. దాని ఆక్షేపణ ఇది: గ్రంథాలయంలోని కొన్ని రచనలకు ఐరోపాలో గ్రంథస్వామ్యం ఇంకా అమలులో ఉంది.

ఇక్కడ చట్టం సంగతి కొంత తెలుసుకోవాలి. గ్రంథస్వామ్యం గడువు దేశదేశానికీ మారుతుంది. గ్రంథాలయపు యంత్రాలు ఉన్నది కెనడాలో. ఆనాటి కెనడా చట్టం ప్రకారం స్వరకర్త మరణించిన 50 ఏళ్లకు గడువు తీరుతుంది. ఐరోపాలో 70 ఏళ్లు. బేలా బార్టోక్ 1945లో మరణించాడు. కనుక 2007లో ఆయన రచన టొరంటోలో ప్రజల సొత్తు, వియన్నాలో ప్రచురణకర్త సొత్తు. కాగితం కాలంలో మధ్యనున్న మహాసముద్రం ఈ తేడాను కాపాడింది. ఇంటర్నెట్‌కు సముద్రం అడ్డురాదు. ఐరోపా పాఠకులను గుర్తించి ఆపవలసిన బాధ్యత గ్రంథాలయానిదేనని ప్రచురణకర్త పట్టుబట్టాడు.

ప్రచురణకర్తల పక్షంలో న్యాయం లేదనడానికి వీల్లేదు. వ్రాతప్రతులను పోల్చి, తప్పులు సవరించి, శుద్ధప్రతి తయారు చేయడానికి పండితులు ఏళ్ల తరబడి శ్రమిస్తారు. పాత రచనల మీద వచ్చే రాబడే అనేకసార్లు కొత్త స్వరకర్తకు పెట్టుబడి అవుతుంది. అయితే న్యాయం ఎంతవరకు అన్నది తేల్చవలసిన చోటు న్యాయస్థానం. అక్కడి దాకా నడిచే శక్తి విద్యార్థికి లేదు. 2007 అక్టోబరు 19న గ్రంథాలయం మూతపడింది. తన వద్ద ధనమూ లేదు, వ్యాజ్యం నడిపే బలమూ లేదని గ్వో దాని వాడుకరులకు విన్నవించుకున్నాడు.

ఒక సంస్థకు హక్కు ఉన్నవి కొన్ని రచనలు. మూతపడినవి వేలు. బాఖ్, బీథోవెన్, మోట్సార్ట్‌ల వంటి ఎవరి సొత్తూ కాని వారు కూడా ఆ తలుపు వెనుకే ఉండిపోయారు.

సంగీత విద్యార్థులు, ఉపాధ్యాయులు గగ్గోలు పెట్టారు. ఒట్టావా విశ్వవిద్యాలయంలోని న్యాయశాస్త్ర ఆచార్యుడు మైకేల్ గైస్ట్, కెనడాలో చట్టబద్ధమైన పనిని ఐరోపా చట్టం పేరిట ఆపడంలోని ప్రమాదాన్ని ఎత్తిచూపుతూ వ్యాసం రాశాడు. 1971లో గూటెన్‌బర్గ్ ప్రాజెక్టు పేరిట పుస్తకాలను కంప్యూటర్లలోకి ఎక్కించడం ప్రారంభించిన మైకేల్ హార్ట్, ఆశ్రయమిస్తామంటూ ముందుకు వచ్చాడు. ఎనిమిది నెలల పైచిలుకు విరామం తరువాత, 2008 జూన్ 30న, తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి కట్టుదిట్టంగా తెరుచుకుంది. కెనడాలో, అమెరికాలో, ఐరోపాలో ఏ రచన హోదా ఏమిటో పరీక్షించి గుర్తు వేసే పద్ధతి వచ్చింది. తన దేశపు చట్టాన్ని పాటించే బాధ్యత పాఠకుడి మీద ఉంచారు.

2011లో, రహ్మానినోవ్ రచన 'ది బెల్స్' విషయమై బ్రిటిష్ ప్రచురణకర్తల సంఘం చేసిన ఫిర్యాదుతో గ్రంథాలయం మరోమారు అదృశ్యమైనా, స్వల్పకాలంలోనే తిరిగి వచ్చింది. ఆనాటికి గ్వో ఎక్కడున్నాడు? హార్వర్డ్ న్యాయ కళాశాలలో చదువుకుంటున్నాడు! నేడు అక్కడ రెండు లక్షలకు పైబడిన రచనలున్నాయి. ఖర్చులు పెరిగిన కొద్దీ చందాదారుల పద్ధతి ప్రవేశించింది. చందా కట్టనివారు కొద్ది క్షణాలు వేచి ఉండాలి. అయినా ప్రతి దొరుకుతుంది.

రాగానికీ లెక్కకూ చుట్టరికం

స్వరలిపికీ కంప్యూటర్ ప్రోగ్రాముకూ ఉన్న పోలిక పైపై పోలిక కాదు. రెండూ ఆజ్ఞల వరుసలే. 'ఇక్కడి నుంచి ఇక్కడి దాకా మళ్లీ వాయించు' అని స్వరలిపిలో రెండు చుక్కల గీత చెబుతుంది. ప్రోగ్రామర్ అదే పనికి 'లూప్' వాడతాడు. 1843లోనే ఏడా లవ్‌లేస్, అంకెల మీద పనిచేసే యంత్రం స్వరాల పొందికలను అంకెలుగా మార్చి ఇస్తే సంగీతం కూడా కూర్చవచ్చునని ఊహించింది. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మ్యాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాము ఒక ఐబీఎం యంత్రం చేత 17 సెకండ్ల సంగీతం పలికించింది. 1996లో ఇద్దరు డచ్ సంగీతప్రియులు లిలీపాండ్ అనే ప్రోగ్రామును ఆరంభించారు. అందులో స్వరాలను మామూలు అక్షరాలలో టైపు చేస్తే, పూర్వపు లోహఫలకాల అచ్చుతో పోటీపడే స్వరపత్రం వెలువడుతుంది. అదీ ఉచితమే. బాఖ్‌ను నకలు చేసుకునే విద్యార్థి తెలియకుండానే ప్రోగ్రామరవుతాడు.

ప్రోగ్రామింగ్ విద్య బీరువా కూడా ఇదే కాలంలో తెరుచుకుంది. ఎం.ఐ.టి. ఆచార్యులు హెరాల్డ్ ఏబుల్సన్, జెరాల్డ్ సస్‌మన్ 1985లో ప్రచురించిన పాఠ్యపుస్తకం ప్రోగ్రామింగ్ విద్యలో ప్రామాణిక గ్రంథం. 1986లో ఒక కంపెనీ ఉద్యోగులకు వారు చెప్పిన పాఠాల వీడియోలు, ఆ పుస్తకం పూర్తి పాఠం ఈనాడు ఉచితంగా లభిస్తాయి. 2001 ఏప్రిల్‌లో ఎం.ఐ.టి. తన పాఠ్యక్రమాలన్నిటినీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతానని ప్రకటించినప్పుడు, లక్షలు పోసి కొనే విద్యను ఊరకే పంచిపెట్టడమేమిటని ఆశ్చర్యపోయినవారున్నారు. 2003లో మన ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని విజ్ఞానశాస్త్ర సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పేరిట అదే బాట పట్టాయి. బొంబాయి ఐ.ఐ.టి. వారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠాలు మరొక అడుగు ముందుకు వేశాయి. పది నిమిషాల చిన్న పాఠాలు. పక్కన గురువు లేకుండా, చూస్తూ చేస్తూ నేర్చుకునేందుకు వీలుగా కూర్చినవి. తెలుగు సహా అనేక భారతీయ భాషలలో వినవచ్చు. ఇంగ్లీషు రాదన్న తాళం కూడా తాళమే కదా!

కాగితానికి ఎక్కని సంగీతం

జాజ్ సంగతి వేరు. మన మనోధర్మ సంగీతం వలె అది ఆ క్షణంలో పుట్టి ఆ క్షణంలో లయమవుతుంది. ఆ వాదన అనుభవాన్ని స్వరపత్రం నిలపలేదు. నిలిపేది రికార్డు ఒక్కటే. 1917లో తొలి జాజ్ రికార్డు వెలువడింది. 1923లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్మండ్‌లో, రైలు పట్టాల పక్కనున్న స్టూడియోలో, కింగ్ ఆలివర్ బృందం రికార్డులు ఇచ్చింది. మైకు లేని రోజులు. శబ్దాన్ని పట్టేది ఒక పెద్ద గరాటు. బృందంలోని యువకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ ధాటికి మిగతా వాద్యాలు మునిగిపోతుంటే అతన్ని దూరంగా నిలబెట్టారని చెబుతారు.

అమెరికాలో 1972కు ముందరి రికార్డులు చిత్రమైన చెరలో ఉండేవి. 19వ శతాబ్దపు రికార్డుకైనా 2067 దాకా విముక్తి లేదు. 2018లో చట్టం మారింది. 1923కు పూర్వపు రికార్డులన్నీ 2022 జనవరి 1న ప్రజల సొత్తయ్యాయి; 1923 నాటివి 2024లో వచ్చి చేరాయి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2011లో తెరచిన 'నేషనల్ జూక్‌బాక్స్'లో ఆనాటి రికార్డులు వేల సంఖ్యలో వినవచ్చు. ఆ జాజ్ అలలు మన తీరాన్నీ తాకాయి. 1930లలో బొంబాయి తాజ్ మహల్ హోటలులో, తరువాత కలకత్తాలో పియానో వాయించిన అమెరికన్ టెడ్డీ వెదర్‌ఫర్డ్ 1945లో కలకత్తాలోనే కన్నుమూశాడు. కలకత్తాలో ఆయన ఇచ్చిన రికార్డులు ఇంకా మిగిలి ఉన్నాయి.

గడువు తీరే తీరం

మన దేశంలోనూ గడువు గొడవ జరిగింది. రవీంద్రనాథ ఠాగూర్ 1941లో పరమపదించాడు. 50 ఏళ్లు నిండేసరికి ఆయన రచనలు విశ్వభారతి చేయి జారుతాయన్న ఆందోళన బయలుదేరింది. ఫలితంగా గడువును 60 ఏళ్లకు పెంచారు. ఠాగూర్ కోసం మారిన చట్టం అందరికీ వర్తించింది. 2001 చివర గడువు తీరింది. కవి చిన్నబోలేదు, పాఠకులు పెరిగారు. కెనడా మాత్రం ఎదురు దిక్కున నడిచింది. 2022 చివర తన గడువును 70 ఏళ్లకు పొడిగించింది. తెరచిన తలుపు తెరచినట్టే ఉంటుందన్న భరోసా లేదు.

మరొక సత్యం కూడా గుర్తుంచుకోవాలి. తాళం తీసినంత మాత్రాన విద్య రాదు. వేల స్వరప్రతులు, వందల వీడియోలు కంప్యూటర్‌లో దాచుకుని ఒక్కటీ తెరవనివారు కోకొల్లలు. పరాయి ప్రోగ్రామును చూచి మెచ్చుకోవడం వేరు, వరుస వెంట వరుస తన వేళ్లతో రాసి, తప్పు ఎక్కడుందో వెదికి పట్టడం వేరు. ఓర్‌డ్రుఫ్ బాలుడి చేతి నుంచి అన్న కాగితాలను లాక్కోగలిగాడు. ఆరు నెలల వెన్నెలలో ఒక్కొక్క స్వరమూ రాస్తూ అతడు నేర్చుకున్నదాన్ని మాత్రం లాక్కోలేకపోయాడు.

ఈనాటి బాలుడికి వెన్నెల కోసం ఎదురుచూడవలసిన పని లేదు. బీరువా తెరిచే ఉంది. ఆ ఆరు నెలలు మాత్రం ఎవరికి వారే ఇచ్చుకోవాలి.