గేమ్‌కి సౌండ్ కావాలా? కొల్లేరు గట్టెక్కండి!

మీరు చేసిన గేమ్‌లో హీరో దోనె మీద కొల్లేరు దాటుతున్నాడు. నీళ్లు, తాటిచెట్లు, కొంగలు... బొమ్మ అదిరింది. కానీ వెనక వినిపించేది మాత్రం నెట్‌లో ఉచితంగా దొరికిన ఏ అమెరికా చెరువు పక్షి కూతో! కైకలూరు కుర్రాడెవడైనా ఆడితే అర నిమిషంలో పట్టేస్తాడు. చిన్న టీమ్‌గా గేమ్ చేసేవాళ్లకి పెద్ద కంపెనీల బడ్జెట్ ఉండదు. ఎవరి దగ్గరా లేని సౌండ్ మాత్రం ఉండొచ్చు. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఉన్నవాళ్లకి అది ఇంటి ముందే ఉంది. దాన్ని పట్టడానికి ఎంత ఖర్చు పెట్టాలి? ఎక్కడ పెట్టకూడదు?

ముందు ఫోన్, తర్వాతే పర్సు

మామూలు రికార్డర్ యాప్ మాటల కోసం తయారైంది. గాలి, నీళ్లు, ఆకుల చప్పుడు దాని దృష్టిలో చెత్త. అందుకే వాటిని అణిచేస్తుంది. వేవ్ ఫైల్‌గా సేవ్ చేసే యాప్ వేసుకుని, నాయిస్ తగ్గించేది, శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించేది రెండూ ఆపేయండి. 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. తలుపు గడియ, గిన్నెల మోత, అడుగుల చప్పుడు లాంటి దగ్గరి శబ్దాలకి ఫోన్ సరిపోతుంది. తెల్లవారుజామున చెరువు నిశ్శబ్దానికి మాత్రం చాలదు. అక్కడ ఫోన్ సొంత బుసే ఎక్కువ వినపడుతుంది.

ఎంతలో ఏం వస్తుంది?

వెయ్యి రూపాయల అటూ ఇటూ: బోయా బీవై-ఎం1 లాంటి కాలర్ మైక్. 6 మీటర్ల వైరు దీని బలం. మైక్‌ని వస్తువు దగ్గర పెట్టి మీరు దూరంగా కూర్చోవచ్చు. ఫోన్‌కి ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే అడాప్టర్ కావాలి.

తర్వాతి మెట్టు: చేతిలో పట్టే రికార్డర్. 2024లో వచ్చిన జూమ్ హెచ్1 ఎసెన్షియల్ విడుదల ధర దాదాపు 100 డాలర్లు. టాస్కామ్ డీఆర్-05ఎక్స్ కూడా ఈ కోవలోదే. మన దగ్గర షాపుని బట్టి ధర మారుతుంది, నాలుగు చోట్ల చూసి కొనండి. హెచ్1 ఎసెన్షియల్‌లో 32-బిట్ ఫ్లోట్ ఉంది. అంటే లెవెల్ ఎక్కువైనా ఎడిటింగ్‌లో తగ్గించి ఫైల్‌ని కాపాడుకోవచ్చు. టపాసులకి, తలుపు దబాలుమనడానికి ఇది వరం. కానీ మైక్ బుస దీంతో తగ్గదు. ఆ తేడా తెలియకే చాలామంది ‘ఫ్లోట్ ఉంటే అన్నీ క్లియర్’ అనుకుంటారు.

ఇప్పుడే వద్దు: జూమ్ ఎఫ్3. మంచి యంత్రమే, కానీ దాంట్లో సొంత మైకులు ఉండవు. వాటికి విడిగా మళ్లీ అంత పెట్టాలి. గేమ్ అమ్ముడయ్యాక చూద్దాం.

అసలు విలన్ గాలి

కొల్లేరు గట్టు మీద గాలి ఆగదు. మామూలు స్పాంజ్ తొడుగు దాన్ని ఆపలేదు. బొచ్చు తొడుగు కావాలి. కొనలేకపోతే బొమ్మలకి వాడే బొచ్చు గుడ్డ తెచ్చి దర్జీ చేత కుట్టించండి. రికార్డర్‌ని చేత్తో పట్టుకోకండి, వేళ్ల రాపిడి కూడా ఎక్కేస్తుంది. చిన్న ట్రైపాడ్ చాలు. చెవులకి వైరు హెడ్‌ఫోన్ తప్పనిసరి. వినకుండా రికార్డ్ చేయడమంటే కళ్లు మూసుకుని ఫోటో తీయడమే.

సగం సౌండ్లు వంటింట్లోనే

సినిమా వాళ్లు దీన్ని ఫోలీ అంటారు, హాలీవుడ్‌లో ఆ పని చేసిన జాక్ ఫోలీ పేరు మీద. ములక్కాడ విరిస్తే ఎముక విరిగిన చప్పుడు. గొడుగు టపటపా తెరిచి మూస్తే పెద్ద పక్షి రెక్కలు. తాడేపల్లిగూడెం మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తా దభీమని పడితే, అదే విలన్ కూలిపోయిన సౌండ్. తొట్టెలో నల్లమట్టి కలిపి తొక్కితే రాక్షసుడి అడుగులు. గేదె గుర్రుని సగం వేగానికి తగ్గించండి, ఇంకో జంతువు పుడుతుంది. గదిలో ప్రతిధ్వని వస్తుంటే చుట్టూ బొంతలు కట్టండి. ఏలూరు తివాచీ ఉంటే ఇంకా మేలు!

ఒకే అడుగు చప్పుడు పదేపదే వినిపిస్తే ఆటగాడికి చిరాకు. ప్రతి చప్పుడూ ఐదారు రకాలుగా తీసి, ఇంజిన్‌లో కలగాపులగంగా మోగేలా పెట్టండి.

కొల్లేట్లో దిగే ముందు

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల. ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్తే ముందు అటవీ శాఖ సిబ్బందిని అడగండి. స్పీకర్‌లో పక్షి కూతలు మోగించి వాటిని రప్పించే పని అసలు చేయొద్దు. గూళ్ల దగ్గరికి వెళ్తే తల్లులు లేచిపోతాయి, పిల్లలు ఎండకి, కాకులకి దొరికిపోతాయి. ఏ సౌండూ అంత విలువైంది కాదు.

ఇంకో సంగతి. పెద్ద గూడబాతులు దాదాపు మౌనంగానే ఉంటాయి. గూటిలో గోల చేసేవి పిల్లలే. కాబట్టి ఎగిరే పక్షికి కూత అతికించకండి, రెక్కల చప్పుడు చాలు.

చుట్టూ చేపల చెరువులే కాబట్టి రాత్రి నుంచి తెల్లారేదాకా ఏరేటర్లు తిరుగుతుంటాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గేది అప్పుడే మరి. నిశ్శబ్దం కావాలంటే వాటికి దూరంగా వెళ్లాలి. అలాగని ఏరేటర్‌ని తిట్టుకోకండి, ఆ నీటి చక్రం మోత మీ గేమ్‌లో పాత పడవకి అతికినట్టు సరిపోతుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్తే మైకులో సినిమా పాట మోగే చోటికి దూరంగా నిలబడండి. పాట పడితే ఆ ఫైల్ గేమ్‌లో వాడలేరు, హక్కులు వేరేవాళ్లవి.

ఇంటికొచ్చాక

కత్తిరించడానికి ఆడాసిటీ, గేమ్‌లో పెట్టడానికి గోడో, రెండూ ఉచితమే. రికార్డింగ్ మొదట్లో ‘దోనె, తెడ్డు, ఉదయం ఆరు’ అని మీ గొంతుతోనే చెప్పండి. నెల తర్వాత ఏ ఫైల్ ఏమిటో వెతుక్కునే బాధ తప్పుతుంది. నెట్ నుంచి ఏదైనా తీసుకుంటే లైసెన్స్ చదవండి. ఫ్రీసౌండ్‌లో కొన్ని డబ్బులకి అమ్మే గేమ్‌లో వాడకూడనివి.

ఈ ఆదివారం రూపాయి ఖర్చు లేకుండా ఒక పని చేయండి. ఫోన్ తీసుకుని మీ వీధిలో పది సౌండ్లు పట్టండి. ఏవి బాగా రాలేదో విన్నాకే, ఏ మైక్ కొనాలో తెలుస్తుంది.