ఫ్యాక్సు యంత్రములో కాగితము అమర్చు విధము

చేతివ్రాతను చేతివ్రాతగనే తీగవెంట దూరమునకు పంపు సాధనము ఫ్యాక్సు. ఇది టెలిఫోనుకంటె ముందు పుట్టినదనిన శ్రోతలు వింతపడవచ్చును. స్కాట్లండు దేశీయుడగు అలెగ్జాండర్ బెయిను దీని మూలరూపమునకు 1843లోనే పేటెంటు పొందెను. టెలిఫోను పేటెంటు 1876 నాటిది. నేడు ఈ యంత్రము చాలచోట్ల మూలబడినను, జపానువంటి దేశములలో ఇంకను పనిచేయుచునే యున్నది.

దీనితో వచ్చు చిక్కులలో పెక్కు కాగితమువలననే వచ్చును. 1996లో మా తమ్మునికి ఇంటర్వ్యూ కబురు ఫ్యాక్సులో రావలసియుండెను. ఆ ఉదయము కాగితపుచుట్ట మార్చినది నేనే. గంట మ్రోగినది, కాగితము వెలికి వచ్చినది. అక్షర మొక్కటియు లేదు! పంపినవారి యంత్రము మాత్రము, కబురు చేరినదని వారికి చీటీ యిచ్చినదట. ఇక వారు మరల ఏల పంపుదురు? యంత్రము చెడినదని మేము రెండుదినములు మెకానిక్కు కొరకు తిరిగితిమి. అతడు వచ్చి, చుట్ట తిరుగవేసి యున్నదని చెప్పునప్పటికి ఇంటర్వ్యూ దినము గడచిపోయెను.

కారణ మేమనగా, చుట్టకాగితమునకు సిరాతో పనిలేదు. దానికి ఒకవైపున మాత్రమే, రంగు పైకి కనబడని రంజకమును, దానిని నలుపుచేయు ఆమ్లగుణముగల పదార్థమును కలిపి పూయుదురు. యంత్రములోని థర్మల్ హెడ్డున మిల్లీమీటరునకు 8 చొప్పున వేడిచుక్కలు బారుగా నుండును. వేడి తగిలినచోట పూత కరగి నల్లబడును. పూతలేని ప్రక్క హెడ్డునకు ఆనినచో ఎంత కాచినను ఫలము లేదు. కాగితమున్నదా లేదా యనియే యంత్ర మెరుగును గాని, ఏ ప్రక్క యున్నదో ఎరుగదు.

పరీక్ష సులభము. కాగితమును గోటితో గట్టిగా గీయవలెను. నల్లని చార పడినదే పూతవైపు. సాధారణముగా అది చుట్టకు వెలుపలి ప్రక్కనుండును. మూతలోపలి బొమ్మను చూచి, కొస అదేదిక్కునుండి వచ్చునట్లు చుట్టను పెట్టవలెను. కొసను తిన్నగా కత్తిరించి, రబ్బరు రోలరు దాటి నాలుగంగుళములు లాగి, మూతను రెండుప్రక్కల టక్కుమనువరకు నొక్కవలెను. పిదప వ్రాసిన కాగిత మొకటి పెట్టి కాపీ మీట నొక్కుడు. నకలు వచ్చినచో అమరిక సరియే. ఈ పని నేనానాడు చేసియుండిన అరనిమిషము పట్టెడిది.

విడికాగితముల యంత్రమైనచో కట్టను విసనకర్రవలె విప్పి, అంచులు సరిచేసి పెట్టవలెను. వానకాలమున కాగితములు తేమకు అంటుకొని రెండేసి పోవును. కావున కట్టను విప్పక దాచుట మేలు. పంపునప్పుడు వ్రాతవైపు క్రిందికో పైకో యంత్రముపై గుర్తు చెప్పును. అది తప్పినను అవతలివారికి తెల్లకాగితమే చేరును.

చుట్టకాగితముపై వచ్చిన వ్రాత కాలక్రమమున వెలిసిపోవును. ఎండయు, వేడియు, కొన్ని ప్లాస్టిక్కు కవర్లును దానికి శత్రువులు. ముఖ్యమైన కబురైనచో అదేదినమున జిరాక్సు తీయించి ఆ ప్రతినే భద్రపరచుకొనవలెను.