రెండు కంప్యూటరు భాషల నడుమ ఒప్పందము

ఇంట తెలుగును, అంగడిలో మఱియొక భాషను మాటలాడు మన విద్యార్థులకు రెండు భాషల నడుమ పని జరుపుకొనుట క్రొత్త గాదు. కంప్యూటరు భాషలకును ఈ యవసరము కలదు. ఒక భాషలోని ప్రోగ్రాము వేఱొక భాషలోని ప్రోగ్రామును పిలిచి పని చేయించుకొను విధమును ఇచ్చట వివరింతుము.

జాన్ బ్యాకస్ నాయకత్వమున ఐ.బి.ఎం. వారు 1957లో ఫోర్ట్రాన్ భాషను వెలువరించిరి. పైథాన్ 1991లో వచ్చినది. నేడు పలు పాఠశాలలలో నేర్పుచున్న పైథాన్ వ్రాయుటకు సులభము. కాని పెద్ద లెక్కలలో దాని నడక మందము. సమీకరణముల సాధనకై ఫోర్ట్రాన్‌లో వ్రాయబడి, 1992లో వెలువడిన లాపాక్ అను ప్రోగ్రాముల సంపుటి కలదు. ఏండ్ల తరబడి పరీక్షకు నిలిచిన పనిని మరల వ్రాయనేల? అందుచే పైథాన్‌వారి సైపై అను సంపుటి లాపాక్‌నే పిలుచుచున్నది.

ఇది యెట్లు సాధ్యము? ఫోర్ట్రాన్ ప్రోగ్రామును కంపైలరు ముందుగనే యంత్రమునకు తెలియు ఆదేశములుగా మార్చును. పైథాన్‌ను నడపు ప్రోగ్రాము సాధారణముగా సి భాషలో వ్రాయబడి, అట్లే మార్చబడినది. కావున రెండును కలిసికొను చోటు యంత్రభాష. అచ్చట ఒప్పందము ఉండవలెను: ఏ పేరుతో పిలువవలెను, ఎన్ని విలువలు అందింపవలెను, ఒక్కొక్కటి ఎన్ని బైట్లు, ఫలితమును ఎచ్చట ఉంచవలెను. సి భాష సామాన్యముగా సంఖ్యనే అందించును. ఫోర్ట్రాన్ సంఖ్య యున్న చోటి చిరునామాను కోరును.

ఒప్పందము తప్పిన నేమగును? మొదటి విద్యార్థికి తెలుగున 80, గణితమున 30 మార్కులు. రెండవ విద్యార్థికి 60, 70 అనుకొందము. సి భాష ఈ పట్టికను అడ్డువరుసల వెంట 80, 30, 60, 70 అని పేర్చును. ఫోర్ట్రాన్ దానినే నిలువువరుసల వెంట చదువును. అప్పుడు మొదటివానికి 80, 60. రెండవవానికి 30, 70 వచ్చును. గణితమున తప్పినవాడు ఉత్తీర్ణుడగును. తెలుగున ఉత్తీర్ణుడైనవాడు తప్పును! సంఖ్యలన్నియు అవియే కనుక యంత్రము ఏ పొరపాటును చూపదు.

సైపై వంటి సంపుటులు ఈ జాగ్రత్తను తామే వహించును. స్వయముగా రెండు భాషలను కలుపగోరు విద్యార్థులు మాత్రము, చేతితో లెక్కించి జవాబు తెలిసికొన్న చిన్న పట్టికతో ముందుగా పరీక్షింపవలెనని కోరుచున్నాము. ఆ పట్టికలోని సంఖ్యలు వేఱువేఱుగా ఉండవలెను. అన్నియు ఒకటే యైనచో తప్పు బయటపడదు.