లండన్‌లో జ్వరమొస్తే...

రాత్రి పదకొండింటికి ఫోన్ మోగుతుంది. అవతల ఇంగ్లండ్‌లో ఉంటున్న అమ్మాయి. ‘‘అమ్మా, బాబుకి నిన్నటి నుంచి జ్వరం. డాక్టర్ ఫోన్‌లోనే మాట్లాడి పారాసెటమాల్ వేయమన్నారు, అంతే!’’ అంటుంది. ఇవతల గుంటూరులో మీకు నిద్ర పట్టదు. ‘‘అదేం దేశమే తల్లీ, ఒక్క రక్త పరీక్షైనా చేయలేదా?’’ అని మీరంటారు. దాంతో అమ్మాయి భయం రెట్టింపవుతుంది.

మన అలవాటు వేరు. జ్వరమొస్తే సాయంత్రానికల్లా క్లినిక్‌లో ఉంటాం. మోకాలు నొప్పికి నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికి, గుండె దడకు నేరుగా గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఫీజు కట్టాం కాబట్టి చేతిలో చీటీ పడాలి, చీటీలో నాలుగు మందులైనా ఉండాలి. మందు రాయని డాక్టర్‌ని రెండోసారి చూడం కూడా!

1948లో మొదలైన బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ నడిచే దారి పూర్తిగా వేరు. అక్కడ డాక్టర్ ఫీజు ఉండదు. పన్నులతో నడుస్తుంది. వీసాపై వెళ్లేవారు ముందే ఆరోగ్య సర్‌ఛార్జి కడతారు. 2024 ఫిబ్రవరి నుంచి అది ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకూ పిల్లలకూ 776. ‘ఇంత కట్టాం కదా, వెంటనే చూడరేం?’ అన్న కోపం అక్కడే పుడుతుంది. కానీ ఆ డబ్బుతో వరుసలో చోటు వస్తుంది తప్ప, వరుసలో ముందుకు జరిగే వీలు రాదు. ఎవరిని ముందు చూడాలో జబ్బు తీవ్రతే తేలుస్తుంది.

కాబట్టి మీ పిల్లలు అక్కడ దిగగానే, ఒంట్లో బాగున్నప్పుడే దగ్గర్లోని జీపీ దగ్గర పేరు నమోదు చేయించుకోమనండి. జీపీ అంటే మన ఫ్యామిలీ డాక్టర్ లాంటివారు. అత్యవసరం కాని జబ్బుల్లో స్పెషలిస్టు దగ్గరికి దారి సాధారణంగా ఆయన గది మీదుగానే. చిరునామా రుజువు లేదంటూ రిసెప్షన్‌లో వెనక్కి పంపితే నిరాశపడి వచ్చేయొద్దు. ఆ కాగితాలు లేవన్న కారణంతో నమోదు నిరాకరించకూడదని ఎన్‌హెచ్‌ఎస్ నియమమే ఉంది. ఆ మాట మర్యాదగా గుర్తు చేస్తే సరిపోతుంది.

చాలాచోట్ల అపాయింట్‌మెంట్ కోసం ఉదయం 8 గంటలకు ఫోన్ చేయాలి. ‘సమస్య ఏమిటి?’ అని రిసెప్షనిస్టు అడుగుతారు. ‘ఈవిడకెందుకు చెప్పాలి, డాక్టర్‌కే చెబుతా’ అని మనవాళ్లు బిగుసుకుంటారు. ఆ ప్రశ్న డాక్టర్ దగ్గరికా, నర్సు దగ్గరికా, మందుల షాపుకా ఎటు పంపాలో తేల్చుకోవడానికి. గొంతు నొప్పి, చెవిపోటు, మహిళల్లో మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్ లాంటి ఏడు సమస్యలకు ఇంగ్లండ్‌లో 2024 జనవరి నుంచి ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తున్నారు. ఈ సంగతి తెలియక చెవిపోటుతో రోజంతా ఫోన్ పట్టుకు కూర్చునేవారున్నారు.

స్పెషలిస్టు కోసం నిరీక్షణ నిజంగానే ఎక్కువ. దీన్ని సమర్థించాల్సిన పనిలేదు. జీపీ పంపిన 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్న లక్ష్యాన్ని ఇంగ్లండ్ 2016 నుంచి అందుకోలేకపోతోంది. అక్కడివాళ్లూ విసుక్కుంటారు. అయితే క్యాన్సర్ అనుమానమున్న కేసుల దారి వేరు, 28 రోజుల్లో ఏదో ఒకటి తేల్చి చెప్పాలన్నది ప్రమాణం. మోకాలి నొప్పికైతే మాత్రం ఇండియా వచ్చినప్పుడు చూపించుకుందామనుకోవడంలో తప్పేమీ లేదు.

తప్పల్లా సూట్‌కేసులో యాంటీబయాటిక్ స్ట్రిప్పులు కుక్కి పంపడంలో ఉంది. జలుబు, వైరల్ జ్వరాలకు అవి పనిచేయవు. పైగా అక్కడ పిల్లలు సొంతంగా సగం కోర్సు వాడి ఆపేస్తే, డాక్టర్‌కు అసలు జబ్బేమిటో తెలుసుకోవడం కష్టమవుతుంది.

సర్దుకుపోవడం మంచిదే గానీ, కొన్ని చోట్ల అసలు సర్దుకోకూడదు. ఛాతీలో నొప్పి, ముఖం ఒకవైపు జారడం, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం... ఇవి కనబడితే ఎనిమిది గంటల దాకా ఆగడం కాదు, వెంటనే 999కి ఫోన్ చేయాలి. మూడు నెలల్లోపు పసికందుకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం ఉంటే అర్ధరాత్రైనా 111కి చెప్పాలి. ఒంటి మీది మచ్చలు గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాకపోతే నేరుగా ఎమర్జెన్సీకే.

ఆసుపత్రిలో చేరాక కూడా మొహమాటం పనికిరాదు. 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల అమ్మాయి లండన్ ఆసుపత్రిలో సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రులు ఆందోళన చెప్పినా పట్టించుకోలేదు. ముందే ఐసీయూకు మార్చి ఉంటే బతికే అవకాశమే ఎక్కువని విచారణలో తేలింది. ఆ అమ్మాయి పేరుతోనే ‘మార్తాస్ రూల్’ వచ్చింది. రోగి పరిస్థితి దిగజారుతోందని ఇంట్లోవాళ్లకు అనిపిస్తే, వేరే వైద్య బృందం వచ్చి వెంటనే చూడాలని అడగొచ్చు. ఇంగ్లిష్‌లో చెప్పడం కష్టమైతే తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమనొచ్చు, దానికి డబ్బు తీసుకోరు.

ఇక ఇక్కడున్న మీరు. ఈసారి ఫోన్ వస్తే ‘మందేం రాశారు?’ అని కాకుండా, ‘ఏ లక్షణం కనబడితే మళ్లీ ఫోన్ చేయమన్నారు?’ అని అడగండి. అక్కడి డాక్టర్లు ఆ మాట సాధారణంగా చెప్పే పంపుతారు. కంగారులో మనవాళ్లు వినరంతే.

మనవడిని చూడటానికి విజిటర్ వీసా మీద మీరే వెళ్తుంటే మాత్రం ఈ లెక్కలన్నీ మారతాయి. మీరు సర్‌ఛార్జి కట్టలేదు. జీపీ సంప్రదింపు, ఎమర్జెన్సీ విభాగంలో చూడటం ఉచితమే. ఆసుపత్రిలో చేర్చుకుంటే మామూలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. అది కట్టకుండా వచ్చేస్తే తర్వాతి వీసాకు అడ్డు తగలొచ్చు. అందుకే బీపీ, షుగర్ ఉన్నాయని దాచకుండా చెప్పి ప్రయాణ బీమా తీసుకోండి. రోజూ వేసుకునే మందులు ఉన్నన్ని రోజులకు సరిపడా, బ్రాండ్ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాసిన డాక్టర్ ఉత్తరంతో, చేతి సంచిలోనే పెట్టుకోండి.